అరచేతి బొమ్మల జడ్జి

మా చిలకలూరిపేటలో ఏటా మార్చి నెల రెండో శనివారం బొమ్మల పోటీ జరిగేది. శనివారమే ఎందుకంటే, శుక్రవారం మా నాన్నకి జుమ్మా నమాజు, ఆదివారం డ్రాయింగు మాస్టారికి చర్చి. ఇద్దరూ జడ్జీలే, ఇద్దరూ లేకపోతే పోటీయే లేదు. రెండో శనివారమైతే స్కూలుకి సెలవు కాబట్టి మిషన్ స్కూలు హాలు ఖాళీగా దొరికేది.

పెద్ద పెద్ద బొమ్మలకి పోటీలు ఎక్కడైనా ఉంటాయి. మాది చిన్న బొమ్మల పోటీ. ఎంత చిన్నవంటే, బొమ్మ మీద మా నాన్న అరచెయ్యి బోర్లిస్తే పూర్తిగా దాగిపోవాలి. ఏ పక్కనైనా అంచు కనిపించిందా, ఇక ఆ బొమ్మ పోటీలో లేనట్టే. స్కేలు పెట్టి కొలవచ్చు కదా అని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. "స్కేలు పెడితే గీత ఇటుందా అటుందా అని వాదిస్తారు. చెయ్యి పెడితే ఏం వాదిస్తారు?" అని నాన్న నవ్వేవాడు. వాదించకపోయినా బతిమాలేవాళ్ళు మాత్రం ఉండేవాళ్ళు. "కాస్త వేళ్ళు విడదీసి పెట్టండి పెద్దాయనా, మీ సొమ్మేం పోయింది?" అనేవాళ్ళు. వినేవాడు కాదు. అందుకే ఊళ్ళో దాన్ని అరచేతి పోటీ అనేవాళ్ళు.

నేను ఆ పోటీకి సెక్రటరీని. వినడానికి బాగానే ఉంటుంది. హాలు తాళం చెవి దగ్గర్నుంచి టీ గ్లాసులు కడిగించేదాకా అన్నీ నా నెత్తినే. ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మను కాబట్టి, "అమ్మాయి చూసుకుంటుందిలే" అని మగాళ్ళందరూ చేతులు దులుపుకునేవాళ్ళు. నేను ఊరుకునే రకం కాదు, ముఖం మీదే అడిగేసేదాన్ని. "పోటీ మీదీ, చాకిరీ నాదీనా?" అని. నవ్వేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నవ్వులకే ఒళ్ళు మండేది. అయినా మార్చి వచ్చేసరికి మళ్ళీ చీపురు పట్టుకుని ఆ హాల్లో ఉండేదాన్ని.

మా తాతలు దూదేకేవాళ్ళు. నాన్న ఆ పని వదిలేసి బోర్డులు రాసే పెయింటరయ్యాడు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల గోడల మీద, లారీల నుదుటి మీద, పురుగు మందుల కొట్ల మీద మనిషెత్తు అక్షరాలు రాసేవాడు. నిచ్చెన దిగి ఇంటికొచ్చి, అన్నం తిని, అరుగు మీద కూర్చుని గోరంత బొమ్మలు వేసేవాడు. పొద్దంతా అంత పెద్దవి రాసి మళ్ళీ ఇంత చిన్నవేంటని అమ్మ విసుక్కుంటే, "అవి ఊరి కోసం, ఇవి నా కోసం" అనేవాడు. అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారని ఎలాగో తెలుసుకుని, తొంభైల చివర్లో మాస్టారినీ, చీరాల నుంచి చేనేత చీరల డిజైన్లు గీసే ఒకాయన్నీ కలుపుకుని పోటీ మొదలుపెట్టాడు. మాస్టారు ఆ మిషన్ స్కూల్లోనే డ్రాయింగు చెప్పి రిటైరైన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. చీరాల ఆయన మాత్రం గడగడా మాట్లాడేవాడు. ముగ్గురూ జడ్జీలు. వాళ్ళలో నాన్న పెద్ద జడ్జి.

బొమ్మలకి మార్కులు వేసే పద్ధతి కూడా వాళ్ళు కనిపెట్టిందే. అందరికీ ఒకే రకం తెల్ల అట్ట ముక్క మేమే ఇచ్చేవాళ్ళం. బొమ్మని దాని మీద అంటించి తేవాలి. వెనక మూలన నేను పెన్సిలుతో నంబరు వేసేదాన్ని. పేరు ఎక్కడా ఉండకూడదు. పొడుగాటి బల్లల మీద బొమ్మలు పరిచి, ఒక్కో బొమ్మ ముందు ఒక స్టీలు గిన్నె పెట్టేదాన్ని. మొదటిసారి జడ్జీలు చెయ్యి చాపినంత దూరంలో నిలబడి, ఉత్త కళ్ళతో చూడాలి. అంత చిన్న బొమ్మ అంత దూరం నుంచి పలకరించిందా లేదా అన్నది అప్పుడు తేలేది. రెండోసారి భూతద్దం. గీత తెగిందా, వణికిందా, రంగు ఒకదాని మీదికి ఒకటి పాకిందా అన్నది చూసేవాళ్ళు. ఒక్కో జడ్జికి ఆరు పత్తి గింజలు ఇచ్చేదాన్ని. నచ్చిన బొమ్మల గిన్నెల్లో వేసుకుంటూ పోవాలి. ఆరూ ఒకే గిన్నెలో వేసినా ఎందుకని ఎవరూ అడగకూడదు. పత్తి గింజే ఎందుకంటే, దాని ఒంటి నిండా నూగు ఉంటుంది కదా, స్టీలు గిన్నెలో పడ్డా చప్పుడు కాదు. ఎవరు ఎన్ని వేశారో పక్క జడ్జికి వినపడదు. ఈ ఆలోచన నాన్నదే. దాని గురించి ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడిపోయేవాడు.

అంతా అయ్యాక తీర్పు ఉండేది. ఫలానా నంబరుకి మొదటి బహుమతి అని చెప్పేసి దిగిపోతే కుదరదు. పెద్ద జడ్జి మైకు పట్టుకుని, ఆ బొమ్మలో తను ఏం చూశాడో, ఎందుకు నచ్చిందో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. నాన్న చెప్తుంటే, చేటంత బొమ్మని కూడా ఎప్పుడూ చూడనివాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ తీర్పు వినడానికే నరసరావుపేట నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ పది నిమిషాలూ వేరే మనిషైపోయేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక ఫ్లెక్సీలొచ్చాయి. గుంటూరులో మిషన్ పెట్టారని విన్నాం, ఏడాది తిరక్కుండా మా ఊళ్ళోకీ వచ్చేసింది. గోడల మీద నాన్న అక్షరాల మీద నాన్న కళ్ళ ముందే మేకులు కొట్టి ఫ్లెక్సీలు కట్టారు. మొదట్లో "ఎండకి వెలిసిపోతాయిలే, మళ్ళీ మన దగ్గరికే వస్తారు" అన్నాడు. అవి వెలిసిపోయాయి కూడా. మళ్ళీ కొత్త ఫ్లెక్సీలే కట్టుకున్నారు తప్ప ఎవరూ రాలేదు. నాన్న బోర్డుల కొట్టు మూసేసిన రోజు కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ తర్వాత ఆయనకి మిగిలింది ఆ పోటీ ఒక్కటే. ఏడాదిలో ఒక్క రోజు. జూన్ నుంచే మార్చి గురించి మాట్లాడేవాడు.

అలా ఉండగా ఒక ఏడు, పోటీకి ముందు జరిగే మీటింగులో ఒక కొత్త మాట తెచ్చాడు. మీటింగంటే ఏముంది, మాస్టారి వరండాలో నలుగురం కూర్చుని టీ తాగడమే.

"ఈ ఏటి నుంచి ఒక రూలు పెడదాం. ఎవరి బొమ్మ దగ్గర వాళ్ళు నిలబడి, ఏం వేశారో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే మనం చూడాలి" అన్నాడు నాన్న.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "అదేందయ్యా! ఎవరి బొమ్మో మనకి తెలవకూడదనే కదా నంబర్లు పెట్టుకుంది? మనిషే వచ్చి పక్కన నిలబడ్డాక ఇంక నంబరెందుకు?"

"వాళ్ళు చెప్పేదేందండీ, బొమ్మ చెప్పాలి గానీ" అన్నాడు చీరాల ఆయన. "మాటకారోడికి బహుమతి ఇచ్చి, నోరు లేనోణ్ణి ఇంటికి పంపిద్దామా?"

నేనూ గట్టిగానే అన్నాను, అదేం రూలు నాన్నా అని. ముగ్గురం ఒక్కటయ్యేసరికి నాన్నకి కోపం ముంచుకొచ్చింది. "అయితే మీరే పెట్టుకోండి మీ పోటీ!" అని విసురుగా లేచి, మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నేను వెనకాలే లేవబోతుంటే మాస్టారు ఆపారు. మెట్ల కేసి చూస్తున్నారు ఆయన.

"నా చెప్పులేసుకెళ్ళాడమ్మా" అన్నారు మెల్లగా.

ఇద్దరివీ హవాయి చెప్పులే. నాన్నవి నీలం పట్టీలు. మాస్టారివి ఎర్ర పట్టీలు. ఇద్దరి పాదాలూ ఒకటే సైజు. చీరాల ఆయన ఏదో జోకు వెయ్యబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయాడు. ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. ఎరుపుకీ నీలానికీ మధ్య ఎన్ని రంగులున్నాయో నాకు చిన్నప్పుడే చెప్పిన మనిషి నాన్న.

అంతకు ముందు నెలలో గుంటూరులో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చాడు. తోడొస్తానంటే వద్దన్నాడు. ఏమన్నారంటే, "అద్దాలు మార్చమన్నారు" అన్నాడు. నేను నమ్మాను. కొత్త అద్దాలు వచ్చాయి కూడా.

ఇంటికెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులింకా కాళ్ళకే ఉన్నాయి.

"నాన్నా, నీకు కనిపించడం లేదు కదూ?" అన్నాను.

"ఎవరు కూశారే నీకు?"

"నీ కాళ్ళకున్న చెప్పులు కూశాయి. చూసుకో."

తల వంచి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కుడి కాలు కొంచెం పైకెత్తి కూడా చూశాడు. "ఎరుపా?" అన్నాడు.

పోట్లాడదామనే వచ్చాను, పోట్లాడటానికి కావలసినంత కోపం కూడా ఉంది, అదంతా ఎటు పోయిందో తెలియదు. పక్కన కూలబడ్డాను. అప్పుడు చెప్పాడు. షుగరు కంట్లోకి దిగిందట. పోయిన చూపు ఇక రాదట. ఉన్నదైనా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారట. ఎదురుగా ఉన్న మనిషి ఆకారం తెలుస్తోందట, ముఖం తెలియడం లేదట.

"మరి జడ్జిగా ఎలా కూర్చుంటావు నాన్నా?"

"బోర్డులు పోయినయ్యి, సరే అన్నా. చేత్తో బొమ్మ వెయ్యటం పోయింది, సరే అన్నా. ఆ కుర్చీ ఒక్కటీ ఉండనియ్యవే. ఈ ఒక్క ఏడు."

"వచ్చే ఏడు కూడా ఇదే మాటంటావు. వాళ్ళు ఏడాదంతా కళ్ళు పోగొట్టుకుని వేసుకొస్తే..." అని, నా మాటకి నేనే నాలిక కరుచుకున్నాను.

నాన్న కోప్పడలేదు. "భూతద్దం పెడితే కనపడుద్దే. ఎండలో అయితే ఇంకా బాగా కనపడుద్ది. నమ్మకం లేకపోతే పరీక్ష పెట్టుకో" అన్నాడు.

పెట్టాను. మొదటి బహుమతి వచ్చిన బొమ్మలన్నీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచేవాళ్ళం. మర్నాడు మిట్టమధ్యాహ్నం పెట్టె తెరిచి, పైనున్న బొమ్మ తీసి పెరట్లో ఆయన చేతిలో పెట్టాను. భూతద్దం దగ్గరా దూరం చేసుకుంటూ చూశాడు. "బావి. గిలక. ఆడమనిషి చేద లాగుతోంది. చేతికి గాజులు, వాటిల్లో ఒకటి పగిలి జారింది. చేదలోంచి నీళ్ళు తొణుకుతున్నయ్యి, ఆ నీళ్ళు వేసినోడి చెయ్యి బంగారం" అన్నాడు. అన్నీ ఉన్నాయి ఆ బొమ్మలో. పగిలిన గాజు నాకే వెతికితేగానీ కనపడలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. మాస్టారి దగ్గరికి పరుగెత్తి, కనిపిస్తోందండీ, పరీక్ష పెట్టాను అని చెప్పాను. ఆయన పాపం, దేవుడికి స్తోత్రం అన్నారు.

పోటీ రోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ చేత జేబురుమాలుకి అత్తరు రాయించుకున్నాడు. రిక్షాలో కూర్చున్నప్పుడు భూతద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తుడిచిందే తుడిచాడు.

ఆ హాలుకి ఒక పక్క జిన్నింగు మిల్లు. మార్చిలో అక్కడ ఇంకా పత్తి ఆడుతూనే ఉంటుంది. ఆ పక్క కిటికీలు తెరిస్తే నూగు ఎగిరొచ్చి బొమ్మల మీద వాలుతుంది. రంగు పూర్తిగా ఆరని బొమ్మైతే ఇక అంతే. అందుకని కిటికీలన్నీ బిగించేసేవాళ్ళం. బొమ్మలు ఎగిరిపోతాయని ఫ్యాన్లు కూడా వెయ్యనిచ్చేదాన్ని కాదు. జనం చెమటలు కక్కుతూ తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోనీ అని ఊరుకునేదాన్ని.

మొదటి రౌండు బాగానే గడిచింది. నాన్న అన్ని బొమ్మల మీదా అరచెయ్యి పెట్టి కొలిచాడు. ఒకతన్ని ఇంటికి పంపించాడు కూడా, తడిమి చూసి, అంచు తన వేళ్ళు దాటి ఉందని. అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. తర్వాత ముగ్గురూ చెయ్యి చాపినంత దూరంలో నిలబడి చూశారు. పోటీదారులు తాడు అవతల నిలబడి ఉన్నారు, మాట్లాడకూడదని రూలు. రెండో రౌండుకి భూతద్దాలు తీశారు. అప్పుడు ముఖ్య అతిథిగా వచ్చిన మిల్లు యజమాని, "ఉడికి చచ్చిపోతున్నామమ్మా, ఆ ఫ్యాను వేయించు కాసేపు" అన్నాడు. నేను వద్దండీ అనేలోపే ఆయన వెనక కూర్చున్న వాళ్ళెవరో స్విచ్చి వేసేశారు. సరిగ్గా బల్లల మీదున్న ఫ్యాను అది.

"ఎవరయ్యా వేసింది? ఆపండి!" అని అరుస్తూ నేనే పరుగెత్తి ఆపాను. వెనక్కి వచ్చి చూస్తే ఒకే ఒక్క బొమ్మ తిరగబడి ఉంది. తెల్ల అట్ట వెనక వైపు, మూలన నేను పెన్సిలుతో వేసిన నంబరు. దాని మీద భూతద్దం పెట్టి, నాన్న వంగి చూస్తున్నాడు.

అరవబోయాను. అంతలో నాన్న భూతద్దం ఎత్తాడు, దించాడు, మెల్లగా ఈ మూల నుంచి ఆ మూలకి జరిపాడు. అంత శ్రద్ధగా ఏ బొమ్మనీ చూడలేదేమో ఆయన. అప్పుడు వెలిగింది నా బుర్రకి. నేను పరీక్ష పెట్టిన బావి బొమ్మ, నిరుడు నాన్నే తీర్పు చెప్పిన బొమ్మ. ఆ గాజూ ఆ నీళ్ళూ ఆయన మైకులో పది నిమిషాలు చెప్పినవే. పెట్టెలో అన్నిటికంటే పైనుండేది నిరుటి బొమ్మేనని ఆయనకి తెలుసు, ఎండలో ఆ బావి గుండ్రం లీలగా కనిపించి ఉంటుంది. మిగతాదంతా జ్ఞాపకమే.

"గీత ఎక్కడా వణకలా" అన్నాడు నాన్న పైకే. "ఎంత పొందిగ్గా ఉందయ్యా! ఈ చెయ్యి మంచి చెయ్యి." అని, తన ఆరు గింజలూ ఆ గిన్నెలోనే వేసేశాడు.

హాల్లో ముందు వరసల వాళ్ళందరూ చూశారు. మాస్టారు నాకేసి చూశారు. చీరాల ఆయన కళ్ళు దించేసుకున్నాడు. నవ్వేవాడెవడైనా నవ్వి ఉంటే వాడి చెంప పగలగొట్టేదాన్ని, నిజంగానే కొట్టేదాన్ని. ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా భరించలేకపోయాను.

తాడు అవతల నుంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. పర్చూరు వైపు పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల, మొదటిసారి పోటీకొచ్చింది. బొమ్మ తనదే. తనకి నాన్న సంగతి ఏం తెలుసు? తన బొమ్మ తిరగబడి ఉందనే కంగారు తప్ప.

"పెద్దాయనా, అది వెనక పక్కండీ" అంది.

నాన్న తలెత్తాడు. "ఏందమ్మా?"

ఆ పిల్ల తాడు కిందనుంచి దూరి వచ్చి, అట్టని తిప్పి పెట్టింది. "ఇదిగోండి, ఇటండీ. ఫ్యానుకి తిరగబడినట్టుంది. ఇప్పుడు చూడండి."

నాన్న మళ్ళీ వంగాడు. భూతద్దం పెట్టాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది, చొక్కా మధ్యలో చెమట పట్టి అంటుకుపోయి ఉంది. నిటారుగా లేచి, భూతద్దం బల్ల మీద పెట్టేశాడు.

"నాకు రెండు పక్కలూ ఒకటేనమ్మా" అన్నాడు.

గట్టిగానే అన్నాడు. వెనక వరసల దాకా వినపడి ఉంటుంది.

ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. నోటికి పైట అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "నేను నోరు మూసుకుని ఉండాల్సిందండీ" అంది.

"మూసుకునుంటే ఉత్త అట్టకి మొదటి బహుమతి ఇచ్చేవాణ్ణి. అది నువ్వింటికి తీసుకెళ్ళి ఎవరికి చూపించుకుంటావు?" అన్నాడు నాన్న. ఆ మాటకి ఎవరో కొద్దిగా నవ్వారు, నాన్న నవ్వించాలనే అన్నాడు కూడా. కానీ ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుని వదలడం లేదు.

మాస్టారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "పద, కాసేపు అట్టా గాలికి పోదాం."

"ఎందుకు? పోటీ అయిపోయిందా?" అన్నాడు నాన్న. తర్వాత గిన్నెలో చెయ్యి పెట్టి, తడుముకుని, తన గింజలు ఏరుకున్నాడు. "జడ్జీలు ముగ్గురుండాలి. ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. అమ్మాయ్, ఎక్కడున్నావు? పట్టు" అని చెయ్యి చాపాడు.

"నేను సెక్రటరీని నాన్నా. సెక్రటరీ గింజలు వెయ్యకూడదని రూలు రాసింది నువ్వే."

"రాసినోణ్ణే కొట్టేస్తన్నా. పట్టు ముందు."

పట్టుకున్నాను. చెమటకి తడిసి, నూగంతా అణిగిపోయి ఉన్నాయి. మొదటి నుంచీ చూడాలి, ఒక్కటి కూడా వదలకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు అని నాకు రూళ్ళన్నీ చెప్పాడు, నాకేదో తెలియనట్టు. చీరాల ఆయన ఒక కుర్చీ తెచ్చి, స్టేజీకి ఒక పక్కగా గోడ వారన వేసి కూర్చోబెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు నాన్న. భూతద్దం నా దగ్గర ఉండిపోయింది.

ఎలా చూశానో నాకే తెలియదు. కళ్ళు తుడుచుకుంటే మసక, తుడుచుకోకపోతే మసక. ఆ పిల్ల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మిరపకాయల కళ్లం కనిపించింది. ఎర్రటి కళ్లంలో తల మీద కొంగు కప్పుకుని కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు. బాగా వేసింది. రెండు చోట్ల గీత వణికింది. ఆ మాట దాచి ఏం లాభం, వణికింది. అక్కడ రెండు గింజలు వేశాను. ఎక్కువ వెయ్యాలని మనసు కొట్టుకుంది గానీ, వెయ్యలేదు. గోడ వారన నాన్న కూర్చుని ఉండగా తప్పుడు గింజ వెయ్యడం నా వల్ల కాలేదు.

మొదటి బహుమతి ఒక లారీ బొమ్మకి వచ్చింది. వేసింది మార్టూరు అతను, బట్టల కొట్టులో పనిచేసేవాడు. ఆ పిల్లకి రెండోది. గింజలు లెక్క తేలాక మాస్టారు మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీరు చెప్పండి మాస్టారూ."

"పెద్ద జడ్జి గింజలు ఎవరి దగ్గరుంటే వాళ్ళదే తీర్పు" అన్నారు. అలాంటి రూలేం లేదు. అప్పటికప్పుడు పుట్టించారు.

స్టేజీ ఎక్కాను. పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ గొంతుకి అలవాటే. ఇంత జనంలో నేను చెప్పాల్సింది ఒక్కరికే అనిపించింది. అందరూ ఆ బొమ్మని తర్వాత దగ్గరికొచ్చి చూసుకుంటారు. చూడలేనివాడు ఒక్కడే.

"లారీ వెనక పక్క నుంచి వేశాడండి" అని మొదలుపెట్టాను. "పత్తి కుక్కిన గోనె బోరేలు రెండంతస్తులు కట్టారు. పైన పట్టా. పట్టా మీద తాడు. తాడు బిగించిన చోట బోరెం నొక్కుకుపోయింది, నొక్కు పక్కన కుట్టు విడి పత్తి బయటికొచ్చింది. ఆ పత్తికి తెలుపు వాడలేదండి. కాగితం తెలుపునే అట్టాగే వదిలేశాడు. చుట్టూ నీడ మాత్రం వేశాడు. డ్రైవరు కనపడడు. అద్దంలో వాడి మోచెయ్యి కనపడుద్ది..."

చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టారు. నేను గోడ వారకి చూశాను. నాన్న కూడా కొడుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది, పెదవులు ఏదో అంటున్నాయి, మెచ్చుకుంటున్నాడు. కానీ నా కేసి కాదు. ఆయన కుర్చీ పక్కనే గోడకి మైకు తాలూకు పెద్ద పెట్టె కట్టి ఉంది. నా గొంతు అందులోంచి వస్తోంది కదా. నాన్న పూర్తిగా అటు తిరిగిపోయి, ఆ పెట్టెకి చప్పట్లు కొడుతున్నాడు.

చూడలేకపోయాను. మైకు నొక్కి ఆపేసి, బల్ల మీద పెట్టి, స్టేజీ అంచుకి వచ్చాను.

"నాన్నా, ఇటు" అన్నాను. "ఇక్కడున్నాను."

చప్పట్లు ఆపి, చెవి ఇటు పెట్టాడు. తర్వాత ముఖం, తర్వాత కుర్చీలోనే మనిషంతా ఇటు తిరిగాడు. నేను మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను, లారీ, బోరేలు, తాడు, పత్తి, నా గొంతు ఎంత లేస్తే అంత గట్టిగా. వెనక వరసలోంచి ఎవరో లేచి, "వినపడ్డం లేదు మేడమ్, మైకులో చెప్పండి!" అని కేక వేశారు. నేను మైకు తియ్యలేదు.